ట్యాబులకు పెట్టిన బొట్టు

ముఖం కనిపించడం లేదని ట్యాబు మొదటిసారి అన్నప్పుడు లక్ష్మీపతి సార్ నమ్మలేదు. ఎదురుగా మూడో తరగతి ధనుష్ కూర్చుని ఉన్నాడు. వాడికి మొహం ఉంది. మొహానికి ముక్కు ఉంది, ఆ ముక్కు కారుతూ కూడా ఉంది. అంత స్పష్టమైన మొహాన్ని ఎదురుగా పెట్టుకుని ట్యాబులోని ఆడగొంతు, ఎక్కడో చల్లటి గదిలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు, "ముఖం కనిపించడం లేదు. దయచేసి వెలుతురులోకి రండి" అంటోంది. సార్ వాణ్ణి వరండాలోకి తీసుకొచ్చాడు. అదే మాట. ఎండ మాడ్చేస్తున్న ఆవరణలోకి తీసుకొచ్చాడు. అక్కడా అదే మాట. ఇంతకంటే వెలుతురు కావాలంటే పిల్లోణ్ణి తీసుకెళ్లి సూర్యుడి ఒళ్లోనే కూర్చోబెట్టాలి.

చింతమాకులపల్లె మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, టమోటా తోటల నడుమ ఉంటుంది. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు లక్ష్మీపతి సారే హెడ్మాస్టరు, సారే అసిస్టెంటు, అవసరం పడితే గంట కొట్టే బంట్రోతూ సారే. ఒకటి నుంచి ఐదు దాకా కలిపి పదిహేడుమంది పిల్లలు. సార్ మదనపల్లెలో కాపురం, రోజూ స్కూటరు మీద రాకపోకలు. మంచి మనిషే, పాఠం బాగా చెబుతాడు. ఉన్నది ఒకటే జబ్బు, గొప్పలు చెప్పుకోవడం. దానికి మదనపల్లె ఆస్పత్రుల్లో మందు లేదు.

బెంగళూరు ట్రస్టు ఒకటి మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క పల్లెల్లో కొన్ని చిన్న బడులను ఎంచి, పిల్లలకు తలా ఒక ట్యాబు ఇచ్చింది. వేళ్లతో తాకితే బొమ్మలు కదులుతూ పాఠం చెబుతాయి, లెక్క సరిగ్గా చేస్తే చప్పట్లు కొడతాయి. ఏ బడిని ఎందుకు ఎంచారో ఎవరికీ తెలియదు. లక్ష్మీపతి సార్‌కు మాత్రం తెలుసు, తన పనితనం చూసే ఇచ్చారని. ఆ సంగతి టీచర్ల సమావేశంలో చెప్పాడు. పుంగనూరు రోడ్డు మీది టీ కొట్లో చెప్పాడు. ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు, ఆమె విననట్టు కనిపిస్తే మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.

ట్యాబులు తెచ్చినవాడు హరీష్, ట్రస్టులో పనిచేసే కుప్పం కుర్రాడు. మోటారుసైకిలు వెనక పెట్టె కట్టుకుని మూడు ఊళ్ల మధ్యా తిరుగుతుంటాడు. ఒక్కో పిల్లనూ పిల్లోణ్ణీ ట్యాబు ముందు నిలబెట్టి మొహాలు ఎక్కించాడు, పేర్లు చెప్పించాడు. ట్యాబుకు పైన సరిగ్గా నడుమ కందిగింజంత కన్నుందనీ, అది పిల్లల మొహం చూస్తేనే పాఠం తెరుచుకుంటుందనీ, ఎవరు ఎంతసేపు చదివారో మదనపల్లె ఆఫీసుకు దానంతట అదే తెలిసిపోతుందనీ విడమరిచి చెప్పాడు. సార్ అన్నింటికీ తల ఊపాడు. తల ఇక్కడ ఊగుతున్నా, బుర్ర మాత్రం రేపటి పూజ దగ్గరుంది.

పూజ లేకుండా ఎలా కుదురుతుంది? ట్రాక్టరు కొన్నా, బోరుకు మోటారు బిగించినా, చివరికి గ్యాసుపొయ్యి తెచ్చుకున్నా పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టనిదే ముట్టుకునే ఊరు కాదది. శుక్రవారం పొద్దున బల్ల మీద ట్యాబులు వరసగా నిలబెట్టారు. బొట్టు పెట్టడానికి ముత్తైదువ కావాలి గనక బడి కమిటీ పెద్ద నల్లప్ప భార్య అంజమ్మకు చెప్పి ఉంచారు. కానీ ఆ పొద్దున టమోటా ధర లేచిందని ఫోను రావడంతో, పెట్టెలు ఆటోకెత్తుకుని అంజమ్మ మదనపల్లె మార్కెట్టుకు వెళ్లిపోయింది. టమోటా ధర లేచిన రోజున దేవుడే పిలిచినా ఆ పక్క ఎవరూ పలకరు. ఇటు చూస్తే రాహుకాలం తరుముకొస్తోంది. సార్ అటూ ఇటూ చూశాడు. వంటగది గుమ్మంలో, బడిలో మధ్యాహ్న భోజనం వండే రామక్క నిలబడి ఉంది. పెట్టెయ్యమ్మా, టైమైపోతోంది అన్నాడు.

రామక్క మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తర్వాత ఇలాంటి పనికి ఆమెను పిలిచినవాళ్లు లేరు. శుభకార్యం ఎవరింట్లో జరిగినా ఆమెది వంటింటి పక్కనే చోటు. ఆమె సార్ వంక కాసేపు చూసి, చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. పసుపును ఆముదంతో చిక్కగా తడిపింది. ముఖమంటూ ఉన్నాక నుదురుంటుంది, నుదురన్నాక నడుమ ఉంటుంది. ఒక్కో ట్యాబుకూ పైన సరిగ్గా నడుమ చూసుకుని రూపాయిబిళ్లంత పసుపు, దాని మీద కుంకుమ, ఇసుమంతైనా వంకర పోకుండా పెట్టింది. ఇంత నిదానంగా పెడితే రాహుకాలం కాదు, దీపావళి వచ్చేస్తుందని సార్ లోలోపల విసుక్కున్నాడు. ఆయనకు తోచింది అంతే.

ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసిపోయింది. చింతమాకులపల్లెకు తెలియడానికి రెండు వారాలు పట్టింది. వాళ్లను తెలివితక్కువ వాళ్లనుకోకండి. ఆ ఊళ్లో నుదుట బొట్టు లేకపోతే ఎవరి కంటికైనా ఇట్టే కనబడుతుంది. ఉన్న బొట్టును ఎవరు చూస్తారు? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మొదట తప్పు మొహాలదే అనుకున్నారు. సార్ పిల్లలందరినీ బోరింగు దగ్గర నిలబెట్టి సబ్బుతో మొహాలు కడిగించాడు. ట్యాబుకు కనిపించలేదు. తలలు దువ్వించాడు, కనిపించలేదు. నవ్వు మొహమైతే బాగుంటుందేమోనని నవ్వమన్నాడు. పదిహేడుమంది పళ్లికిలించి గంటసేపు కూర్చున్నారు, దవడలు నొప్పి పుట్టాయి గానీ పాఠం తెరుచుకోలేదు. మార్కెట్టు నుంచి తిరిగొచ్చిన అంజమ్మ, ఎండలో తిరిగి పిల్లలు నల్లబడ్డారు కాబట్టే కనిపించడం లేదని తేల్చి, ఇంటి నుంచి పౌడరు డబ్బా తెచ్చింది. ఆ రోజు ధనుష్‌ను వాళ్లమ్మే పోల్చుకోలేదు. మర్నాడు నల్లప్ప వచ్చి, పట్నంలో పుట్టిన మిషనుకు పల్లె వేషాలు ఆనవు గనక పెళ్లి బట్టలు వేయండని సలహా ఇచ్చాడు. జరీ లంగాలూ, ఒకరిద్దరికి టైలూ వచ్చాయి. బడి చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది, పాఠం మాత్రం లేదు.

చివరికి నల్లప్ప తన సొంత మొహాన్నే ట్యాబు ముందు పెట్టాడు. సర్పంచి ఎన్నికల్లో నిలబడి గెలవకపోయినా, మండలమంతా పోస్టర్లు అంటించిన మొహమది. ముఖం కనిపించడం లేదంది ట్యాబు. నల్లప్పకు రోషం వచ్చింది.

"ఈ మొగం కనబళ్లేదంటే దానికే కండ్లు లేవు సార్" అన్నాడు.

ఆ రెండు వారాల్లో ఆ ఊళ్లో ఎవరైనా సరైన మాట అన్నారంటే అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లలకు ఇదొక ఆట అయింది. సార్ హాజరు పిలిస్తే పలకకుండా, "ముఖం కనిపించడం లేదు, దయచేసి వెలుతురులోకి రండి" అని ఆ ఆడగొంతుతోనే అనడం నేర్చుకున్నారు. నవ్వనిది ఒక్క జాహ్నవే. రామక్క మనవరాలు, నాలుగో తరగతి. హరీష్ మొహాలెక్కించిన రోజున ఆ పిల్ల ట్యాబులో సముద్రం అడుగున ఉండే చేపల పాఠం సగం చూసింది. నుదుటి మీద దీపం వేలాడదీసుకుని తిరిగే చేప ఒకటి కనిపించే సరికి హరీష్ ట్యాబు తీసేసుకున్నాడు. ఆ చేప చివరికి ఏమైందో ఆ పిల్లకు తెలియాలి. రోజూ పొద్దునే వచ్చి బల్ల పక్కన నిలబడి, ఈరోజు తెరుచుకుంటుందా సార్ అని అడుగుతుంది. సార్‌కు తల ఎత్తాలంటే సిగ్గుగా ఉండేది.

హరీష్‌కు ఒక ఫోను చేస్తే పోయేది కదా అంటారు మీరు. చేశాడు, రెండుసార్లు కాదు, నాలుగుసార్లు. చేసి, ట్యాబులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయని చెప్పి పెట్టేశాడు. జిల్లాలో తన అంతటి వాడు లేడని ఊరంతా చెప్పుకున్న మనిషి, మిషను తెరవడం రావడం లేదని ఏ నోటితో అంటాడు? మింగలేక కక్కలేక రెండు వారాలు గడిపాడు.

చివరికి మదనపల్లె ఆఫీసు నుంచే ఫోను వచ్చింది. మీ బడిలో ఒక్క పిల్ల మొహమూ కనిపించలేదు, అసలు మీ బడికి పిల్లలొస్తున్నారా అని అడిగారు. వాడని ట్యాబులు మీకెందుకు, శనివారం హరీష్ వచ్చి తీసుకుపోయి కుప్పం అవతలి బడికి ఇస్తాడన్నారు. సార్‌కు టీ కొట్లో ఏం చెప్పాలన్నది మొదటి బాధ. కాసేపటికి, జాహ్నవికి ఏం చెప్పాలన్నది గుర్తొచ్చి మొదటి బాధ చిన్నదైపోయింది.

శనివారం పిల్లలు మళ్లీ పెళ్లి బట్టల్లో, పౌడరు మొహాలతో వచ్చారు, ఆఖరి ప్రయత్నంగా. కుప్పంవాడు కుప్పానికే దోచుకుపోతాడంటూ ఊళ్లో సగం మంది బడి ముందు చేరారు. హరీష్ మోటారుసైకిలు దిగి, ఎవరినీ చూడకుండా లోపలికెళ్లి ఒక ట్యాబు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూశాడు. ఇంకొకటి చూశాడు. పదిహేడూ వరసగా చూసి, గుమ్మం మెట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"సార్, కన్ను మీద బొట్టు పెడితే దానికేం కనబడతాది సార్" అన్నాడు.

ఆ మాటతో బడి ముందున్న జనమంతా ఒకరి మీద ఒకరు పడి ట్యాబుల వైపు తొంగి చూశారు. నల్లప్ప ఒక్కడే, నేను ఆరోజే చెప్పినానా లేదా అన్నట్టు మీసం దువ్వుకున్నాడు. సార్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, రెండు వారాల నరకం రూపాయిబిళ్లంత కుంకుమా? హరీష్ జేబు రుమాలు తీసి, కొస తడిపి, తుడవబోయాడు.

అప్పుడు వంటగదిలోంచి రామక్క గరిటెతోనే వచ్చేసింది. సాంబారు చుక్కలు దారి పొడుగునా పడ్డాయి. హరీష్ చెయ్యి పట్టుకుని పక్కకు తోసింది. సౌమ్యమైన మనిషి, పిల్లల మీద కూడా గొంతు లేపి ఎరగదు. ఆమె అలా రావడం చూసి హరీష్ రెండడుగులు వెనక్కి వేశాడు. సార్ ఏదో సర్దిచెప్పబోయాడు. అది బొట్టే కదా రామక్కా, తుడిచేస్తే పోతుంది అన్నాడు.

"నా బొట్టు తుడిసినప్పుడు నన్నెవురూ అడగలే సార్" అంది రామక్క. "వీటికి నా సేత్తో పెట్టినాను. నేనుండంగా తుడవనీను."

లక్ష్మీపతి సార్‌కు ఆ శుక్రవారం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఆమె రెండుసార్లు చేతులు కడుక్కోవడం, ఒక్కో బొట్టూ వంకర పోకుండా పెట్టడం, తాను రాహుకాలం చూసుకుని విసుక్కోవడం. తొమ్మిదేళ్ల తర్వాత ఆమె వేలికి కుంకుమ తగిలిందని ఆరోజు ఆయనకు తట్టనే లేదు. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నాకంటే మందబుద్ధి ఈ బడిలో ఎవరున్నారని తనను తానే తిట్టుకున్నాడు. మామూలుగా ఆయన తనను తిట్టుకునే మనిషి కాదు.

హరీష్ కూడా చెడ్డవాడు కాదు. కానీ వాడి ఉద్యోగం వాడిది. రెండు గంటలకు ఆఫీసు వాళ్లు చూస్తారు, అప్పటికీ మొహాలు కనబడకపోతే ట్యాబులు బండెక్కించాల్సిందేనన్నాడు. "సెరి సార్, బొట్టుతోనే తీసకపోతాను. ఆడ ఎవురో ఒకరు తుడుస్తారు" అన్నాడు గొంతు తగ్గించి. జాహ్నవి తన ట్యాబును గుండెకు హత్తుకుంది. సార్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. రామక్క అటు తిరిగినప్పుడు ఎవరూ చూడకుండా తుడిచెయ్యవచ్చునన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చింది, వచ్చినందుకు ఆయనకే అసహ్యం వేసింది.

అందుకని జీవితంలో మొదటిసారి చెప్పడం మాని అడగడం మొదలుపెట్టాడు. బొట్టు దానంతటదే పోతే తప్పుందా అని రామక్కను అడిగాడు. చెమటకు కారిపోతే తప్పెవరిదీ కాదంది ఆమె. వెంటనే ట్యాబుకు చెమట పట్టించే ప్రయత్నం జరిగింది. నల్లప్ప ఒకదాన్ని ఎండలో పెట్టి, మీద కంబళి కప్పాడు. చెమట నల్లప్పకు పట్టింది.

మరి స్నానం చేసేటప్పుడు పోతే అని అడిగాడు సార్. రామక్క మొహం విప్పారింది. తలకు పోసుకుంటే బొట్టు పోవడం, పోసుకున్నాక మళ్లీ పెట్టుకోవడం లోకంలో ఉన్నదే, దానికేం దోషం లేదంది. సార్ ఆ మాట అడగకుండా ఉండాల్సింది. అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు? ఆమె అప్పటికే పొయ్యి మీదికి నీళ్ల గుండిగ ఎక్కించింది. అంజమ్మ సీకాయపొడికి పరుగెత్తింది. ఇంకెవరో సాంబ్రాణి తెచ్చారు. పదిహేడు ట్యాబులకూ తలంటు పోస్తే ఎంత పుణ్యమోనని ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. హరీష్ ట్యాబులన్నీ పోగేసుకుని వాటి మీద బోర్లా పడుకున్నాడు. నీళ్లు తగిలితే ఇవి చచ్చిపోతాయమ్మా, నాకు ఉద్యోగం పోతాది అని కిందనుంచి అంటున్నాడు. పిల్ల పసికందైతే ఇట్లనే ఏడుస్తాది, పోస్తే నిద్ర పోతాదని ఒక ముసలామె అతనికి ధైర్యం చెప్పింది.

సరిగ్గా అప్పుడే బంగారి వచ్చింది.

బంగారి నల్లప్ప గారి పుంగనూరు ఆవు. ఎత్తు సార్ నడుము దాకా కూడా రాదు, పొగరు మాత్రం తల దాకా ఉంటుంది. రోజూ అన్నం గంటకు అది బడికి వస్తుంది. మెట్టెక్కి లోపలికొచ్చి పిల్లల చేతులు నాకి వెళుతుంది, ఎందుకంటే ఆ చేతులకు బడిలో ఇచ్చే చెనిక్కాయల చిక్కీ అంటుకుని ఉంటుంది. ఆ రోజూ వచ్చి, జనాన్ని కొమ్ములతో పక్కకు జరిపి, ధనుష్ చెయ్యి నాకింది. వాడి మొహానికీ బెల్లం అంటుకుని ఉంది గనక మొహమూ నాకింది. వాడి పౌడరంతా ఒక్క నాకుడుకు పోయి, అడుగున ఉన్న ధనుష్ బయటపడ్డాడు.

లక్ష్మీపతి సార్ ఆ మొహం చూశాడు. ఆవును చూశాడు. రామక్క వైపు తిరిగాడు.

"రామక్కా, ఆవు నాకితే?"

రామక్క గరిటె కింద పెట్టి ఆలోచించింది. చెంబుల వరస ఆలోచించింది. ట్యాబుల మీద పడుకున్న హరీష్ తల ఎత్తి చూశాడు. ఆ ఊరి శాస్త్రంలో ఇలాంటి ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు.

"ఆవు నాకితే తుడిసినట్టు కాదు సార్" అంది చివరికి. "అది దీవించినట్టు."

సార్ చిక్కీ ముక్క తీసుకుని తన చేత్తోనే నలిపి మొదటి బొట్టు మీద మెత్తాడు. బంగారి ముందు వాసన చూసింది. తర్వాత గరుకు నాలుక చాపి ఒక్క లాగు లాగింది. ఆముదం, పసుపు, కుంకుమ, బెల్లం అన్నీ కలిసి వెళ్లిపోయాయి. కందిగింజంత కన్ను తళుక్కుమంది. రెండు వారాల తర్వాత మొదటిసారి ఆ ఆడగొంతు మాట మార్చింది.

"కొత్త ముఖం కనిపించింది. మీ పేరు చెప్పండి."

బంగారి తనకు తెలిసిన మాట చెప్పింది.

"స్వాగతం, అంబా. పాఠం మొదలుపెడదామా?"

పిల్లలు కింద పడి దొర్లారు. హరీష్ దాన్ని ఆపబోయే లోపే తెర మీద కాయగూరల బొమ్మలొచ్చాయి, వీటిలో పాలకూర ఏదో తాకమంది. బంగారికి చిక్కీ ఇంకా మిగిలి ఉందన్న ఆశ. దాని నాలుక నాలుగు బొమ్మల మీదా కలిపి పోయింది, ఆ నాలుగింట్లో పాలకూర కూడా ఉంది కదా. చప్పట్లు మోగాయి. మూడు ప్రశ్నలకు మూడూ ఒప్పే. మా బంగారి చిన్నప్పట్నుంచీ తెలివైందేనని నల్లప్ప కళ్లొత్తుకున్నాడు.

పదిహేడు ట్యాబులంటే మాటలా? పన్నెండోదాని దగ్గర బంగారికి కడుపు నిండి మొహం తిప్పేసింది. టైము చూస్తే రెండు కావస్తోంది. నల్లప్ప గంగడోలు నిమిరాడు, పాట పాడాడు. అంజమ్మ ఇంట్లో దాచిన పాకం తెచ్చింది. సార్, పాఠం చెప్పేటప్పుడు కూడా వాడనంత తియ్యటి గొంతుతో, ఇంకొక్కటే తల్లీ అంటూ ఒక్కో ట్యాబూ మూతి ముందు పెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చింది, ఆయనకు తోక లేదు గనక అది బంగారికే వచ్చి ఉంటుంది. చివరిది జాహ్నవిది. బంగారి దాన్ని నిదానంగా, శుభ్రంగా నాకి, పక్కనే చతికిలబడింది.

పిల్లలు ట్యాబులు లంగాతోనో చొక్కాతోనో తుడుచుకుని మొహాలు పెట్టారు. పౌడరు చూసి రెండు మూడు ట్యాబులు కాస్త తటపటాయించాయి గానీ అన్నీ తెరుచుకున్నాయి. రెండు గంటలకు ఆఫీసు నుంచి హరీష్‌కు ఫోను. మొహాలు కనబడుతున్నాయట, కానీ పదిహేడు ఉండాల్సిన చోట పద్దెనిమిది వచ్చాయట, ఆ అంబ ఎవరని. హరీష్ ఫోను మెల్లగా సార్ చేతిలో పెట్టాడు.

"కొత్తగా చేరినాదండీ" అన్నాడు సార్. "ఊరి పిల్లే. శ్రద్ధ జాస్తి."

గొప్ప చెప్పుకోవడానికి అంతకంటే మంచి సందర్భం రాదు, అయినా ఆయన అంతటితో పెట్టేశాడు. ట్యాబులు ఎక్కడికీ పోవన్న మాట విని జనం కదిలారు. సార్ వంటగది దాకా వెళ్లి, గుమ్మంలో నిలబడి, ఆ రోజు రాహుకాలమని తొందరపెట్టాను, తప్పయిందమ్మా అన్నాడు. దీవెన అయిపోయింది గదా, మళ్లీ పెట్టాలి, ఈసారి వీపు మీద పెడదామా అని అడిగాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని కుంకుమ భరిణె తెచ్చింది.

ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. పదిహేడుమంది పిల్లలు ట్యాబులు బోర్లించి పట్టుకుని వరసగా వచ్చారు, ఆమె ఒక్కోదాని వీపు మీదా నడుమ చూసి పెట్టింది. ఆఖరిది జాహ్నవిది. దానికి పెట్టాక ఆ పిల్ల కదల్లేదు. ట్యాబు అవ్వ చేతికిచ్చి, భరిణెలో వేలు ముంచి, మునివేళ్ల మీద లేచి నిలబడింది.

"అవ్వా, నీకు నేను పెడతా."

రామక్క వెనక్కి తగ్గింది. అందరూ అంజమ్మ వైపు చూశారు. ముత్తైదువ ఆమె, ఊళ్లో పద్ధతులన్నీ ఆమె నోటి మీదే ఉంటాయి. అంజమ్మ సీకాయపొడి డబ్బా చంకలో పెట్టుకుని కాసేపు పెదవి కొరుక్కుంది. "సూస్తా నిలబడుకుంటే ఎట్ల, వంకర పోకుండా పెట్టు పాపా" అంది.

జాహ్నవి పెట్టింది. కొంచెం వంకరే పోయింది. రామక్క ఏం చెయ్యాలో తోచక, చేతిలోని ట్యాబును ముందువైపుకు తిప్పి పట్టుకుంది. తెర మీద గుండ్రంగా ఆమె మొహం కనిపించింది, బొట్టుతో సహా. తొమ్మిదేళ్లుగా అద్దంలో చూడని మొహమది. ఆమె చూస్తూ ఉండిపోయింది. లక్ష్మీపతి సార్ నోటికొచ్చిన ఉపన్యాసాన్ని లోపలే మింగేశాడు.

"కొత్త ముఖం కనిపించింది. మీ పేరు చెప్పండి" అంది ట్యాబు.

"రామక్క" అంది ఆమె, చాలా మెల్లగా.

"స్వాగతం, రామక్కా. పాఠం మొదలుపెడదామా?"

"పొయ్యి మీద నీళ్లు మరగతాండాయి. ఉండు తల్లీ, వస్తాండా" అని దానికి మర్యాదగా జవాబు చెప్పి, రామక్క వంటగదిలోకి వెళ్లింది. పొయ్యి ఆర్పి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, మనవరాలి పక్కన నేల మీద కూర్చుంది. దీపమున్న చేప అప్పుడే మళ్లీ బయటికొస్తోంది.